ఆయమ్మ ముఖం

తెల్లవారింది. గోడవైపు తిరిగి కూర్చున్న దేవమ్మ మాత్రం ఇటు తిరగలేదు.

లూదియా కాఫీ తెచ్చి అత్త పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది. ఉగ్గాని తెచ్చి పెట్టింది. అది ఎండిపోయింది. బయట వరండాలో స్తంభానికి ఆనుకొని హిల్డమ్మ కూర్చొని ఉంది. ఆమె ముందున్న పళ్ళెంలోనూ ఉగ్గాని అట్లాగే ఉంది. ఇద్దరు ముసలివాళ్ళ మధ్య ఒక తలుపు, ఆ తలుపు దగ్గర లూదియా.

"అత్తా, రెండు ముద్దలన్నా నోట్లో ఏసుకో. మాత్రలు మింగల్ల గదా."

దేవమ్మ చేత్తో తడిమి పళ్ళేన్ని పక్కకు నెట్టింది.

రాత్రి కుటుంబ ప్రార్థనలో జరిగినదానికి తప్పెవరిదని ఎవరైనా అడిగితే లూదియా తన వైపే వేలు చూపించుకుంటుంది. హిల్డమ్మను ఇంటికి పిలుచుకొని వచ్చింది తనే. చూపు దాదాపు పోయిన అత్తతో, ఇంగ్లండు నుంచి ఒక దొరసాని వచ్చింది, రెండు రోజులు మనింట్లో ఉంటుంది అని మాత్రమే చెప్పింది. మిషను వాళ్ళెవరో వచ్చారని దేవమ్మ సంతోషపడింది. అసలు సంగతి మెల్లగా, మంచి సమయం చూసి చెప్పాలని లూదియా అనుకుంది.

ప్రార్థన సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

ఆ ఇంట్లో ప్రతి సాయంత్రం అందరూ చాప మీద మోకరించాక పెద్దావిడే ప్రార్థన చేస్తుంది. పంట కోసం, జబ్బుపడిన వాళ్ళ కోసం, బడి పిల్లల కోసం అడిగాక చివర్లో ఎప్పుడూ ఒకే మాట. "ఆటకత్తెల్లో కలిసిపోయిన నా బిడ్డ హిల్డాను నీ మందలోకి తోలుకరా తండ్రీ." హిల్డా ఒకప్పటి మిషను దొర కూతురు; తనను ఆయాగా పెంచిన దేవమ్మను ఆయమ్మా అని పిలిచేది, పెరిగాక ఇంగ్లండులో నాటకాల్లో చేరింది. కోడలిగా వచ్చిన రోజు నుంచి లూదియా ఆ మాట వింటూనే ఉంది. వినీ వినీ అది చెవికి తగలడమే మానేసింది. ఆమెన్ అన్నంత మామూలైపోయింది.

నిన్న రాత్రి అదే చాప మీద, దేవమ్మకు మూరెడు దూరంలో, ఆ హిల్డానే మోకరించి ఉంది.

ప్రార్థన అయ్యాక ఎవరూ లేవలేదు. "నేను వచ్చినా ఆయమ్మా," అంది హిల్డమ్మ. దేవమ్మ ఆ గొంతు వైపు చేయి చాచబోయి, సగంలోనే వెనక్కి తీసుకుంది. "ఆ ఆట మానేసి వచ్చినావా?" అని అడిగింది. హిల్డమ్మ అబద్ధం చెప్పలేదు. లేదు, ఇంకా ఆడుతున్నానంది. అంతే, దేవమ్మ గోడవైపు తిరిగింది.

ఇమ్మానుయేలు ఆసుపత్రికి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు. కాంపౌండరు పని, చర్చి కమిటీలో పెద్దరికం, రెండూ ఆయన నడకలోనే కనిపిస్తాయి.

"ఏందీ, మాయమ్మను ఉపవాసాలతో సంపుదామనుకున్యావా?" అని గొంతు తగ్గించి పెళ్ళాన్ని అడిగాడు. "సినిమాలామెను ఇంట్లో పెట్టుకుండారంట అని కమిటీలో అప్పుడే మొదలుపెట్టినారు. నేనేం చెప్పల్ల వాళ్ళకు?"

"హేరోదు రాజు చెప్పినాడని చెప్పు."

"ఏందీ?"

"కిస్మస్ నాటకంలో హేరోదు వేషం ఏండ్ల తరబడి నువ్వే కడితివి గదా. మీసాలు తిప్పుకుంటా పసిబిడ్డల్నంతా నరకమని కేకలేస్తివి. నీకు అంటని పాపం ఆమెకెట్ల అంటుకున్యాదో కమిటీనే అడుగు."

"అది గుడి లోపల," అన్నాడు ఇమ్మానుయేలు.

ఆ మాటకు ఆయనకే బలం చాల్లేదేమో, సైకిలు తీసుకొని వెళ్ళిపోయాడు. లూదియాకూ తన మాట మీద పూర్తి నమ్మకం లేదు. బడిలో పిల్లలకు పది ఆజ్ఞలు చెప్పే మనిషి ఆమె. ఒకరు ఇంకొకరిలా నటించడం అబద్ధమా, కాదా? దేవుడు ఒకరి చేతికి సుత్తి, ఒకరి నోటికి పాట ఇచ్చినట్టే ఇంకొకరికి పదిమంది ముఖాలు ఇచ్చాడేమో? అడగడానికి ఆమెకు ఎవరూ లేరు.

లోపలినుంచి దేవమ్మ గొంతు వినబడింది.

"మే లూదియా. ఆ దొరసానిని పొద్దుగూకే దాకా యాడికన్నా తీసుకపో. నేను దేవునితో మాట్లాడుకోవల్ల."

హిల్డమ్మకు వినబడింది. తనకు జోల పాడిన నోరు తనను దొరసాని అన్నది. ఆమె లేచి చెప్పులు తొడుక్కుంది.

"ఆళ్లగడ్డకు పోదాం పా," అంది. "మా నాయన నన్ను ఎద్దులబండిలో తోలుకపోతాండె. రాళ్ళు కొట్టేటోళ్ళను చూడల్ల."

అరవై దాటిన ఆ తెల్లావిడ తెలుగు ఆ ఊళ్ళో పదమూడేళ్ళ పిల్ల మాట్లాడే తెలుగు. ఆ వయసులో ఆమెను చదువుకని ఓడ ఎక్కించారు. అప్పటినుంచి ఆ భాష ఆమెలో ఎదగనూ లేదు, చెడనూ లేదు. మర్నాడు పొద్దున గుంటూరు బండికి ఆమె వెళ్ళిపోవాలి. ఇన్ని సముద్రాలు దాటి ఆమె వచ్చింది ఒక్కదానికే. చిన్నప్పుడు ఎక్కడికి బయలుదేరినా ఆయమ్మ నెత్తిన చేయి పెట్టి పంపేది. ఓడ ఎక్కిన రోజూ అట్లాగే పంపింది. ఆ చేయి ఇంకొక్కసారి కావాలి.

బస్సు శిరివెళ్ల దాటేసరికి లూదియా ఉండబట్టలేక అడిగింది. ఎట్లా మొదలైంది, ఎట్లా గడిచింది అని. కిటికీలోంచి నల్లరేగడి చేలనూ దూరంగా నల్లమలనూ చూస్తూ హిల్డమ్మ చెప్పుకుంటూ పోయింది.

బడి మానేసి నాటకాల కంపెనీలో చేరినప్పుడు ఆమెకు వేషాలు ఇవ్వలేదు. స్టేజీ ఊడ్చింది, గోడలకు కాగితాలు అంటించింది. కంపెనీ ఊరూరా రైల్లో తిరిగేది. వారానికొక ఊరు, వారానికొక కొత్త నాటకం. మొదటి వేషం పనిమనిషిది. పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టి పోవాలి, అంతే. రెండో రోజే మేనేజరు పిలిచి, ఈ నడక ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడట. యుద్ధం రోజుల్లో పైన విమానాలు బాంబులు వేస్తుంటే, కింద నేలమాళిగలో గాయపడిన సిపాయిల ముందు ఆడింది. దీపాలు ఆరిపోతే చీకట్లోనే ఆడింది. చీకట్లో ఎవరు చప్పట్లు కొడుతున్నారో తెలియదు. చేయి పోయినవాడు తొడ మీద కొట్టుకున్న చప్పుడు మాత్రం వేరుగా వినబడేదట.

తరువాత లండన్‌లో పెద్ద థియేటర్లు, నలుపు తెలుపు సినిమాలు. రాణి వేషం, తల్లి వేషం, అత్త వేషం.

"ఇప్పుడో?" అని అడిగింది లూదియా.

"ఇప్పుడు నాకిచ్చే వేషాలన్నీ మంచం మీదనే. రెండో సీన్‌లో సచ్చిపోతా. దుడ్లు బాగిస్తారు, నడిచే పని లేదు గదా."

బస్సులో ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. లూదియా నవ్వలేకపోయింది. జడ్జీలూ మంత్రులూ టిక్కెట్టు కొని ఎదురుచూసిన మనిషి, రాజుగారి చేతి మీదుగా పతకం అందుకున్న మనిషి, తన పక్కన చింకి సీటులో కూర్చొని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. భయమో భక్తో తెలియక లూదియా సీటు అంచుకు జరిగి కూర్చుంది.

ఆళ్లగడ్డలో దిగగానే ఉలుల చప్పుడు. రోడ్డు పక్క పందిరి కింద మద్దిలేటి అనే శిల్పి నల్లరాతి అమ్మవారి ముందు కూర్చొని ఉన్నాడు. విగ్రహానికి అన్నీ అయ్యాయి, కళ్ళు తప్ప. పక్కన ఆయన భార్య లింగమ్మ రాతి పెంకులు ఊడుస్తోంది.

లూదియా అలవాటుగా చూపు పక్కకు తిప్పుకుంది. విగ్రహం ముందు నిలబడడానికి ఆమె మనసు ఒప్పదు. కానీ చెవులు అక్కడే ఉన్నాయి.

హిల్డమ్మ గొంతుక్కూర్చొని, "అప్పా, ఈ యమ్మకు కండ్లు యాడ?" అని అడిగింది.

తెల్లదొరసాని నోట ఆ మాట విని మద్దిలేటి చేతిలో ఉలి ఆగింది. తేరుకొని, కళ్ళు ఆఖరున చెక్కుతామని, మంచి ఘడియ చూసి తెరుస్తామని, తెరిచాక ఇక ఆ రాయి తమది కాదని చెప్పాడు.

"కండ్లు లేకున్యా ముక్కుండాది గదా. ఆ ముక్కు జూడమ్మా," అంది లింగమ్మ. "ఎవురిదో చెప్పు."

హిల్డమ్మ చూసింది. లూదియా కూడా ఆగలేక చూసింది. కొనదేలి, కొంచెం ఎడమకు ఒరిగిన ముక్కు. లింగమ్మదే.

"చుట్టుపక్కల గుళ్ళన్నిట్లో నా ముక్కే పెట్టినాడు. జనాలు సాష్టాంగపడతారు. నేను పోతే జరుగు జరుగు అంటారు."

మద్దిలేటి నవ్వాడు. కొలతలన్నీ శాస్త్రంలో ఉన్నవేనని, తల ఇంత, మెడ ఇంత అని తప్పు పోనివ్వనని అన్నాడు. "ముక్కు కాడికొచ్చేసరికి చెయ్యి దాని పాటికది పోతాది దొరసానమ్మా. పొద్దస్తమానం ఎదురుగా కూచోనుంటాది గదా ఈమె."

"ఆమెను అడిగినావా?" అంది హిల్డమ్మ.

"ఏమని?"

"నీ ముక్కు తీసుకుంటానని."

"పెండ్లాన్ని అడిగేదేందమ్మా," అని మళ్ళీ నవ్వాడు.

లింగమ్మ చీపురు ఆపలేదు. "అడిగింటే ఇచ్చేదాన్నేలే," అంది పెంకులు గంపకెత్తుతూ. "అడగలే."

హిల్డమ్మ ముఖం పాలిపోయింది. నీళ్ళు కావాలా అని లూదియా అడిగితే వద్దంది. తిరుగు బస్సులో నంద్యాల వచ్చేదాకా మిగిలిన వేరుశనక్కాయలు ఒలవకుండా ఆమె ఒళ్ళోనే ఉండిపోయాయి.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. దేవమ్మ పెరట్లోకి వచ్చి, పగలంతా ఎండకు కాగిన బండ మీద కూర్చొని ఉంది. ముఖం కడుక్కొని తెల్లచీర కట్టుకుంది. అన్నం తిన్న గుర్తు లేదు. ఇమ్మానుయేలు అప్పటికే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"దొరసానీ, ఈడికి రా. కూచో," అంది దేవమ్మ.

హిల్డమ్మ వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పొద్దున్నుంచి దేవుని అడుగుతాండా. ఆయన ఏమీ చెప్పలేదు. నేను ఇన్నేండ్లు నీ మీద మొరపెట్టుకున్యానే గానీ, నువ్వు ఆడ ఏం చేస్తాండావో నాకు తెల్దు. మీ నాయన గుళ్ళో నిలబడి, నా బిడ్డ ఆటకత్తెల్లో కలిసిపాయనని ఏడ్సినాడు. దాన్నే నమ్మితి. చూడకుండా తీర్పు చెప్పడం కూడా తప్పే గదా. ఏం చేస్తావో చెయ్. నాకు కండ్లు లేవు, చెవులుండాయి."

హిల్డమ్మ వీపు నిటారుగా పెట్టి తల పైకెత్తింది. ఊపిరి తీసుకుంది.

"దిగు మే! ఆ చింతచెట్టు దిగుతావా లేదా? కాలిరిగితే దొరగారికి నేనేం చెప్పల్ల? దిగు, బంగారు గదా, బెల్లం పెడతా!"

లూదియా వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా వచ్చారేమోనని. ఆ గొంతు ముసలిది కాదు, తెల్లవాళ్ళది కాదు. పాతికేళ్ళ పడుచు నంద్యాల మనిషి పెరట్లో నిలబడి, నడుం మీద చేయి పెట్టుకొని, చెట్టు మీది పిల్లను అదిలిస్తోంది. కోపం పైన ఉంది, భయం అడుగున ఉంది. బెల్లం అన్నప్పుడు నవ్వు కూడా ఉంది. కోళ్ళు బెదిరి గోడవారకు పోయాయి.

ఇమ్మానుయేలు తలుపు పట్టుకున్నాడు. అది తన పసితనంలో తన తల్లి గొంతు. అట్లాంటి గొంతు ఒకటి ఉండేదన్న సంగతే ఆయన మరిచిపోయాడు.

"అది నేను," అంది దేవమ్మ.

"నువ్వే ఆయమ్మా."

అప్పుడు హిల్డమ్మ అన్నీ చెప్పింది. పళ్ళెం తెచ్చిన పనిమనిషి నడక దేవమ్మదే. తల్లి వేషంలో బిడ్డను చంకకు మార్చుకునే తీరు దేవమ్మదే. "రాణులు ఎట్ల నడుస్తారో నాకేం తెలుసు? బాయికాన్నుంచి నువ్వు బిందె నెత్తిన పెట్టుకొని వస్తావు గదా, అట్లనే నడిచినా. రాణంటే ఇట్లుండల్ల అని పేపర్లలో రాసినారు."

ఇమ్మానుయేలు నోటినుంచి చిన్న నవ్వు తప్పించుకుంది. లూదియా మాత్రం అత్త పాదాల వైపు చూసింది. రోజూ తన వంటింట్లో తడుముకుంటూ తిరిగే ఈ ముసలిది, ఊరు దాటి ఎరుగని మనిషి, లండన్‌లో దీపాల వెలుతురులో రాణిగా నడిచింది. వేలమంది లేచి నిలబడ్డారు. ఆ సంగతి ఆమెకే తెలియదు.

దేవమ్మ నవ్వలేదు.

"అంటే ఇన్నేండ్లూ ఆటాడింది నేనా?" అంది నెమ్మదిగా. "నీ కోసరమని నేను దేవుని కాళ్ళు పట్టుకుంటాంటి. ఆడ ఎగురుతాండింది నేనా?"

"అమ్మా, అట్ల గాదు," అని ఇమ్మానుయేలు ఏదో సర్దబోయాడు.

"నువ్వుండ్రా." దేవమ్మ తల ఇటు తిప్పలేదు. "ఇంకేం తీసుకపోతివి నాకాన్నుంచి?"

హిల్డమ్మ లూదియా వైపు చూసింది. ఆ చూపులో ఆళ్లగడ్డ పందిరి కింద లింగమ్మ అన్న 'అడగలే' ఉందనిపించింది లూదియాకు. చెప్పకపోయినా జరిగిపోతుంది. ఇప్పుడు వంగితే ఆయమ్మ చేయి నెత్తిన పడుతుందేమో కూడా. చెబితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

"ఒకటుండాది," అంది హిల్డమ్మ. "అది అడగకుండా తీసుకున్యా. సామేలు పోయిన మర్సటి దినంది."

సామేలు దేవమ్మ మొదటి బిడ్డ. ఇమ్మానుయేలు పుట్టక ముందే విషజ్వరం వచ్చి పోయాడు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. రోజూ అంత ప్రార్థన చేసే దేవమ్మ కూడా దాన్ని పైకి అనదు.

"ఆ పొద్దు రావనుకున్యా. వచ్చినావు. రోజూ మాదిరే నన్ను అద్దం ముందర కూచోబెట్టి తల దువ్వితివి. ఏమీ అనలేదు. నేను అద్దంలో నా మొగం చూసుకోలేదు ఆయమ్మా, నీది చూసినా. నాకు ఎనిమిదేండ్లు. అర్థం కాలేదు. మరిచిపోలేదు."

దేవమ్మ అంది: "ఎవురూ చూడలేదనుకుంటి."

దేవమ్మ కొంగు నడుముకు బిగించింది.

"చూపియ్."

"దాంట్లో మాటల్లేవు ఆయమ్మా. నీకు వినపడదు."

దేవమ్మ ముందుకు జరిగింది. రెండు చేతులూ చాచి, గాలిలో వెతికి, హిల్డమ్మ ముఖాన్ని పట్టుకుంది. "ఇప్పుడు చెయ్," అంది.

హిల్డమ్మ చేసింది.

ఏం చేసిందో లూదియా ఆ తరువాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. ఏమీ చేసినట్టు కనబడలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, రెప్ప వాలలేదు. పెదవులు మామూలుగానే ఉన్నాయి. కానీ ఆ ముఖం వెనక ఎవరో ఇల్లంతా ఖాళీ చేసి, తలుపు వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడినట్టు ఉంది. ఆ తెల్ల ముడతల్లో ఇప్పుడున్నది దేవమ్మ. ఇరవై ఆరేళ్ళ దేవమ్మ, చేతిలో ఎవరి బిడ్డదో జడ పట్టుకొని. దేవుని మందిరంలో కూడా లూదియా అంత నిశ్శబ్దం ఎరగదు.

దేవమ్మ వేళ్ళు కనుబొమల మీదుగా, చెక్కిళ్ళ మీదుగా దిగి దవడ దగ్గర ఆగాయి. అక్కడ ఎముక రాయిలా బిగిసి ఉంది.

"ఇట్లుంటినా నేను," అంది.

తరువాత, "ఏ యమ్మ వేషానికి పెట్టినావు దీన్ని?" అని అడిగింది.

హిల్డమ్మ ముఖం కదలకుండానే జవాబు చెప్పింది. "మొగునికి విషం పెట్టినామెది. కోర్టులో నిలబెట్టి, ఎందుకు చేసినావంటే ఏమీ చెప్పదు. ఆ వేషానికే నాకు పేరొచ్చింది. పతకమిచ్చింది దానికే."

ఇమ్మానుయేలు ఒక అడుగు ముందుకు వేశాడు. లూదియా ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆ యమ్మకు ఆఖరున ఏమాయ?"

"ఉరి తీసిరి."

"రోజూనా?"

"రోజూ ఆయమ్మా. రెండేండ్లు."

"నా మొగంతో."

"నీ మొగంతోనే."

గోడ అవతల ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. ఆ చప్పుడు దూరమైపోయింది. హిల్డమ్మ ఆ ముఖాన్ని ఇంకా దించలేదు. దేవమ్మ చేతులు దవడ దగ్గరే ఉన్నాయి. అవి పైకి, నెత్తి మీదికి పోతాయా, వెనక్కి ఒళ్ళోకి పోతాయా అని లూదియా చూస్తోంది.